ఫొటోల కింద మాటలు

మధ్యాహ్నం బెల్ కొట్టారు. ఏడో తరగతి పిల్లలు వరండాలో క్యారియర్లు విప్పుకుని కూర్చున్నారు.

"పుష్పా, మీ అమ్మ ఎప్పుడొస్తాది?" అని అడిగింది రెజీనా.

పుష్పకుమారి నోటి దాకా తెచ్చిన ముద్ద ఆగిపోయింది. "నీకెవరు చెప్పినారు?"

"మెయిల్లో ఉంది గదా. షారన్ పంపింది."

పుష్ప షారన్ వైపు చూసింది. షారన్‌కు ఏమీ అర్థం కాలేదు. తను పంపింది ఫొటోలే. ఇద్దరూ కలిసి రొయ్యల గుంటల మీద చేస్తున్న సైన్స్ ప్రాజెక్టు కోసం పుష్ప తీసి తనకు మెయిల్ చేసిన ఫొటోలు. ఎంత బాగున్నాయో అందరూ చూడాలని, నిన్న అమ్మ ఫోన్‌లోంచి క్లాసు మొత్తానికీ ఫార్వర్డ్ చేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఫొటోల కింద పుష్ప తనకొక్కదానికే రాసిన మాటలున్నాయి.

'ఈసారి మా గుంటలో రొయ్యలన్నీ చచ్చిపోయినాయి. ఇంట్లో రోజూ గొడవే. అమ్మ అలిగి మామ వాళ్లింటికి పోయింది. ఎవరికీ చెప్పబాక.'

షారన్ చెవులు వేడెక్కాయి. "నేను... ఫొటోలే పోతాయనుకున్నా."

"కింద చూసుకోలేదా?" అంది పుష్ప. క్యారియర్ మూత పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

ఆ పూటంతా షారన్ తలెత్తలేకపోయింది. ఒకే బెంచీ మీద కూర్చున్నా, పుష్ప మధ్యలో తన బ్యాగు పెట్టుకుంది.

ఇంటికి రాగానే షారన్ ఏడుస్తూ అమ్మకు అంతా చెప్పింది. ఫోన్ తీసుకుని అందరికీ ఇంకో మెయిల్ రాయసాగింది. 'పుష్ప వాళ్లమ్మ గురించి నేను పంపింది...'

వాళ్లమ్మ ఎలిశబెతు అది చదివింది. "దీంట్లో కూడా పుష్ప వాళ్లింటి సంగతే ఉందే! మొదటిది చదవనివాళ్లు కూడా ఇది చదవరా?"

"పంపింది వెనక్కి తీసుకోలేమా మా?"

"అందరూ చూసేసినాక ఎట్లా తీసుకుంటావు?"

షారన్ రాసిందంతా చెరిపేసింది.

మర్నాడు ముందుగానే వెళ్లి స్కూలు గేటు దగ్గర నిలబడింది. తమ క్లాసు పిల్లల్లో వచ్చిన ప్రతి ఒక్కరినీ పక్కకు పిలిచింది.

"నేను పంపిన మెయిల్ తీసెయ్. తప్పు నాది. పుష్పనేమీ అడగబాక."

శివ నవ్వాడు. "మరి నువ్వెందుకు పంపినావు?"

"చూసుకోకుండా పంపినా. బుద్ధి లేక," అంది షారన్. శివ నవ్వు ఆపేశాడు.

చివర్లో పుష్ప వచ్చింది. "నిన్ను నమ్మి రాసినాను," అంది.

"తెలుసు. తప్పు చేసినాను పుష్పా."

పుష్ప ఆమెను దాటుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజే కాదు, ఆ వారమంతా అవసరానికి మించి ఒక్క మాటా మాట్లాడలేదు.

ప్రాజెక్టు పూర్తయింది. దాన్ని హెడ్మాస్టర్ గారికి మెయిల్ చెయ్యమంది ఫ్లోరా టీచర్.

కంప్యూటర్ ల్యాబులో షారన్ పాత మెయిల్ జోలికి పోలేదు. కొత్తది తెరిచింది. ప్రాజెక్టు, ఫొటోలు మాత్రమే జతచేసి, ఫొటోలు తీసింది పుష్పకుమారి అని రాసింది. పంపే ముందు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పుష్పా, ఒకసారి చూడు. పంపొచ్చునా?"

పుష్ప వచ్చి నిలబడే చదివింది. మౌస్ పట్టుకుని అట్టడుగు దాకా జరిపింది. కింద ఏమీ లేదు. మళ్లీ ఒకసారి జరిపి చూసింది.

"పంపు," అని, పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.