గడప బయట చెంగల్వ

మేఘవాడ రాజ్యానికి కోట ఉంది, రాజుగారున్నారు, సేనాపతికి బారెడు మీసాలున్నాయి. ఏం లాభం పిల్లలూ! అడవిలోంచి జడలభూతం ఊళ్ళ మీద పడిందంటే అందరికంటే ముందు తలుపులు బిగించుకునేది ఆ మీసాలాయనే. ఎదురు నిలిచేవాడు ఒక్కడే. ఒంటి మీద గద్ద ఈకల కంబళి, మొహానికి ముసుగు. జనం అతణ్ణి ఈకలదొర అనేవారు. ఎవరో ఎవరికీ తెలియదు.

మందులిచ్చే ముసలయ్య కూతురు చెంగల్వకు తప్ప. ఓ పోరులో ఈకలదొర భుజం చీలితే ఆమె పసరు పోసి, తన కొంగు చించి కట్టు కట్టింది. మర్నాడు సంతలో మోపు దించుతున్న కట్టెలుకొట్టే కొమరన్న భుజాన అదే కొంగుముక్క కనబడింది.

"ఓరి నీ దుంపతెగ! నువ్వా?"

"గట్టిగా అనకే తల్లీ," అంటూ కొమరన్న మోపు మీదే కూలబడ్డాడు. "నిద్రపోయి ఎన్నాళ్ళయిందో."

ఆమె ఎవరికీ చెప్పలేదు. కట్లు కడుతూ కడుతూ మనసిచ్చేసింది. అతడూ అంతే. కానీ పెళ్ళిమాట ఎత్తగానే అతడి మొహం వాడిపోయింది. కంబళి ఇచ్చిన ముని ఓ షరతు పెట్టాడట. పెళ్ళాం నోట అతడి పేరు వస్తే దాని మహిమ పోతుంది. మేఘవాడలోనేమో, కొత్త కోడలు మొగుడి పేరు చెప్పనిదే ఆడపడుచు గడప తొక్కనివ్వదు!

"మునినే అడుగుదాం పద," అంది చెంగల్వ.

ముళ్ళ అడవి దాటారు, జలగల వాగు దాటారు. దారికి అడ్డంగా పడుకున్న కొండచిలువ, "ఎక్కడికి?" అంది.

"పెళ్ళికి దారి వెతుక్కుంటూ," అని చెంగల్వ విసుక్కుంది. పాపం, కొండచిలువ జాలిపడి పక్కకు జరిగింది.

ముని కళ్ళు తెరవనైనా లేదు. "షరతు మారదు. మహిమ ఉన్నంతకాలం వీడికి చావూ లేదు, నిద్రా లేదు. అది పోయిననాడు, ఇన్నాళ్ళూ ఆపిన చావుదెబ్బలన్నీ ఒంటిమీదికొస్తాయి. భూతం చచ్చేదాకా ఓర్చుకోండి. ఆపైన మీ ఇష్టం."

అయినా పెళ్ళి చేసుకున్నారు. గడప దగ్గర కొమరన్న చెల్లెలు పైడి చేతులడ్డం పెట్టి, "ఎవరొచ్చారో పేర్లు చెప్పు వదినా!" అంది. చెంగల్వ అడవి వైపు చూసి నోరు కట్టేసుకుంది. సిగ్గనుకుని అందరూ నవ్వారు. తర్వాత విసుక్కున్నారు. ఆపైన పొగరన్నారు. ఆమె బయట అరుగు మీదే కాపురం పెట్టింది. వండింది అక్కడే, అందరూ పడుకున్నాక అతడికి కట్లు కట్టింది అక్కడే. ఇద్దరికీ జుట్టు నెరిసిపోయింది.

ఒక మధ్యాహ్నం భూతం జడలు ఈడ్చుకుంటూ కొమరన్న వచ్చి అరుగు మీద వాలాడు. ముసుగు తీయడానికీ ఓపిక లేదు. ఆమే తీసింది.

"చచ్చింది చెంగల్వా. ఇంక నిద్రపోతానే. నా పేరు చెప్పు."

"చెప్పను. చెబితే నువ్వుండవు."

"ఇదీ ఓ ఉండడమేనా? ఒక్కసారి నా పెళ్ళానివై ఇంట్లోకి రా."

చెంగల్వ అతడి గుండె మీద తల బాదుకుని ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందో. చివరికి మొహం తుడుచుకుని, "పైడీ! రావే, గడపకడ్డం నిలబడు," అని కేకేసింది.

పైడి వచ్చి ఈకలనూ అన్న మొహాన్నీ చూసింది. అంతా అర్థమైంది. చేతులడ్డం పెట్టి, "ఎవరొచ్చారు వదినా?" అంది.

"నేనూ, మా ఆయన కొమరన్నా వచ్చాం."

ఈకలు జలజలా రాలాయి. ఒకరినొకరు పట్టుకుని గడప దాటారు. కొమరన్న ఆమె ఒళ్ళో తల పెట్టుకుని, ఆవులించి, కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ లేవలేదు. ఆమె సాయంత్రం దాకా ఈగలు వాలకుండా విసురుతూనే ఉంది.

ఇప్పటికీ మేఘవాడలో కొత్త కోడలు గడప దగ్గర సిగ్గుపడదు. మొగుడి పేరు వీధి చివరిదాకా వినబడేలా చెబుతుంది.