చుక్క ఆగిన ఇల్లు

ఏక్‌బాల్‌పూర్‌లో కలకత్తా రేవు గోడ పక్కనుంచి లోపలికి పోయే సందొకటుంది. ఆ సందు చివర పచ్చ తలుపుల ఇల్లు. పొద్దుగూకాక అటు రమ్మంటే ఏ టాక్సీవాడూ రాడు. "నా దాదా... ఓదికే జాబో నా" అని, అటు రానంటూ బండి తిప్పేసుకుంటాడు.

ఇంట్లో మనుషుల్లేరు. కరెంటు ఎప్పుడో పీకేశారు. అయినా అర్ధరాత్రి దాటాక కిటికీ సందుల్లోంచి సన్నగా వెలుగు... గిన్నె మీద గరిటె చప్పుడు... ఆ వెనకే ఎండుచేపలు వేగుతున్న వాసన!

ఆ ఇంటావిడ చచ్చి కూడా పొయ్యి దగ్గర్నుంచి లేవలేదని రేవు కూలీలు చెప్పుకుంటారు. తాళం బద్దలుకొట్టబోయిన ఇద్దరు మొగాళ్ళు చెప్పులొదిలేసి పరిగెత్తారట. లోపల్నుంచి ఆడగొంతు ఒకటి తాపీగా తెలుగులో పిలిచిందట — "ఎవుల్రా అది? కూడు తింతారేటి?" అని.

అలాంటి ఇంటికీ, ఎక్కడో న్యూ టౌన్‌లో పన్నెండో అంతస్తులో ఉండే హరిచందనకీ ముడిపడింది.

హరిచందన తండ్రి భానుమూర్తి బ్యాంకు ఆఫీసరు. బదిలీ మీద కుటుంబంతో కలకత్తా వచ్చాడు. వాళ్ళ అపార్టుమెంటు సెల్లారులోంచి ఈమధ్య ఎవరిదో కారు పోయింది. దాంతో అక్కడివాళ్ళు చాలామంది ఒకే ఆదివారం మెకానిక్కుని పిలిపించి కార్లకి జీపీఎస్ పెట్టించుకున్నారు. భానుమూర్తి కూడా తన తెల్ల మారుతీకి పెట్టించాడు. రాత్రి పది దాటాక బండి కదిలిందా, తన ఫోను మోగాలి.

"దొంగల కోసమమ్మా" అన్నాడు కూతురితో.

అప్పటికి హరిచందనకి లైసెన్సు వచ్చి నెల తిరగలేదు. "దొంగంటే నేనేగా నాన్నా?" అంది.

భానుమూర్తి పేపరు తిరగేశాడు.

రెండు రోజులు గడిచాయి. మూడోనాడు పొద్దున్నే కాఫీ కూడా ముట్టకుండా ఆయన కూతురి గది తలుపు కొట్టాడు. మొహం మాడిపోయి ఉంది. రాత్రి ఫోను మోగింది గానీ నిద్రలో ఆయనకి వినపడలేదట. ఫోను ముందుకు చాపాడు. మ్యాపులో ఎర్ర గీత... రాత్రి బండి ఇక్కణ్ణుంచి బయల్దేరింది. ఊరు దాటి, రేవు దాకా పోయి, ఒక సందు చివర ఆగింది. తెల్లవారుజామున తిరిగొచ్చింది.

"ఎవరితో వెళ్ళావు?"

"నేను మంచం దిగలేదు."

"మరి బండి దానంతటదే వెళ్ళిందా చందూ?"

తల్లి జ్ఞానప్రసూన మధ్యలోకి వచ్చింది. ఆ ఇంటి సంగతి కార్లు తుడిచే సూరన్న నోట ఆవిడ విని ఉంది. మ్యాపు చూడగానే రంగు మారింది. "అది... ఆ ఇల్లేనండీ. పచ్చ తలుపులది" అని గుసగుసలాడింది.

భానుమూర్తి అదేం పట్టించుకోలేదు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. అబద్ధాలాడే పిల్ల చేతికి బండి ఇవ్వనన్నాడు.

ఆ మాట హరిచందనకి గుచ్చుకుంది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

"సరే. ఇవాళ రాత్రి నువ్వూ నేనూ బండిలోనే కూచుందాం. తాళం నీ దగ్గరే ఉంచుకో. అది ఎలా వెళుతుందో చూద్దాం."

పంతానికి పంతం. భోజనాలయ్యాక తండ్రీకూతుళ్ళు సెల్లారులోకి దిగారు. బండి ఎక్కి తలుపులు వేసుకున్నారు. ట్యూబులైటు ఒకటి కొట్టుకుంటోంది. ఎక్కడో నీళ్ళ మోటారు ఆగింది... ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

భానుమూర్తికి కునుకు పట్టబోతోంది.

ఫోను మోగింది.

*మీ వాహనం కదిలింది.*

భానుమూర్తి ఉలిక్కిపడి స్టీరింగు పట్టుకున్నాడు. ఇంజను ఆపే ఉంది. తాళంచెవి జేబులోనే ఉంది. బండి అంగుళం కదల్లేదు. కానీ ఫోనులో చుక్క... గేటు దాటింది. మలుపు తిరిగింది. పెద్దరోడ్డెక్కింది.

వాళ్ళు కూర్చున్న బండి, వాళ్ళని వదిలేసి వెళ్ళిపోతోంది!

"చందూ..." అన్నాడు ఆయన. "పైకి పోదాం పద. మీ అమ్మ చెప్పిందే..."

"తాళం ఇలా ఇవ్వు."

"ఏమిటీ?"

"నువ్వు ఫోను చూస్తూ దారి చెప్పు. నేను నడుపుతాను. దెయ్యమైతే దెయ్యమే! చెయ్యని తప్పు నా నెత్తిన పెట్టింది అదేగా. ఎదురుగా నిలబెట్టి అడుగుతాను."

ఆయన చెయ్యి జేబులోకి ఎలా వెళ్ళిందో ఆయనకే తెలీదు. తాళం ఇచ్చేశాడు.

ఫ్లైఓవరు మీద లారీలు తప్ప ఏమీ లేవు. ముందు చుక్క, వెనక వీళ్ళు. అది వేగం పెంచితే ఈ పిల్లా పెంచింది. భానుమూర్తి ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో సీటుబెల్టు పట్టుకుని ఆంజనేయుణ్ణి తలుచుకుంటున్నాడు. ఖిదిర్‌పూర్ వంతెన దిగాక రేవు గాలి తగిలింది... ఉప్పూ తుప్పూ కలిసిన గాలి.

ఆయన సన్నగా అన్నాడు — "ఆగింది." ఆ సందు దొరికేసరికి మరో అరగంట పట్టింది.

హరిచందన బండి లోపలికి పోనిచ్చింది. హెడ్‌లైట్ల వెలుగు పాకుతూ పాకుతూ పోయి ఒక తెల్ల కారు మీద పడింది. అదే మారుతీ. అదే తెలుపు. తాము కూర్చున్న బండే ఎదురుగా నిలబడి తమని చూస్తున్నట్టుంది.

పక్కనే పచ్చ తలుపులు. ఒక రెక్క వారగా తెరిచి ఉంది. లోపల దీపం... గరిటె చప్పుడు... ఎండుచేపల వాసన గుప్పుమంది.

"చందూ, దిగకు—"

దిగేసింది. గడప దాకా నడిచి, తలుపు తోసి, గట్టిగా అరిచింది.

"ఎవరు మీరు? మా బండితో మీకేం పని?"

గరిటె ఆగింది.

దీపం పైకి లేచింది. దాని వెనక తెల్లజుట్టు, ముడతల మొహం, కళ్ళజోడు...

"ఏటమ్మా ఆ అరుపులు? గుండాగి సస్తాను. నువ్వు... మా వెనక బ్లాకు గుంటవి కాదేటి? లిఫ్టుకాడ సూసినాను నిన్ను."

హరిచందన గుర్తుపట్టింది. వాళ్ళ అపార్టుమెంట్లోనే ఉండే దుర్గాంబ! రేవు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే కీళ్ళనొప్పుల తైలం వాసనతో పార్కులో నడుస్తూ కనిపిస్తుంది. ఆ వయసులో కూడా కారు తనే నడుపుకుంటుంది.

విషయం విప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆవిడదీ తెల్ల మారుతీయే, ముందు బ్లాకు సెల్లారులో ఉంటుంది. ఆ ఆదివారం ఆవిడ కారుకీ అదే మెకానిక్కు జీపీఎస్ పెట్టాడు. ఎవరి పెట్టె ఎవరి ఫోనుకి కలపాలో చూసుకోకుండా తారుమారు చేశాడు.

"ఇది నా పెనిమిటి కట్టిన ఇల్లమ్మా" అంది దుర్గాంబ. "శ్రీకాకుళం నుంచి ఉత్త చేతుల్తో వచ్చి, బస్తాలు మోసి కట్టినాడు. ఇప్పుడు నా కొడుకు ఢిల్లీశ్వరరావు దీన్ని బిల్డరుకి ఇచ్చీమంటాడు. నాను సంతకం పెట్టనన్నాను. ఇల్లు ఖాళీగా ఉందంటే తాళం ఇరగ్గొట్టి దూరిపోతారు. అందుకే ఆడు నైటుడ్యూటీకి ఎల్లగానే వచ్చి కాపలా కాత్తన్నాను."

"మరి దెయ్యం...?" అన్నాడు గుమ్మంలోంచి భానుమూర్తి.

"ఆ పేరు బిల్డరు మనుషులు పుట్టించిందే బాబూ, రేటు తగ్గాలని. సరే, దెయ్యమే అనుకోండి అనీసి నాను ఒప్పీసుకున్నాను. ఇప్పుడు గడప తొక్కమను సూద్దాం!" ఆవిడ నవ్వింది. "నానిలా తిరుగుతన్నానని తెలిసే ఆడు కారుకి అదేదో పెట్టించినాడు. పెట్టించి, 'అమ్మా, నీ బండి సెల్లారులోనే ఉంది, బుద్ధొచ్చింది నీకు' అంతన్నాడు. ఎందుకలా చూపిస్తందో నాకర్థం కానేదు..."

మాట పూర్తి కాలేదు. ఆవిడ ఫోను మోగింది.

హరిచందనకి ఒక్కసారిగా తట్టింది. ఆవిడ కొడుకు ఫోనులో కనిపించే చుక్క... తమ బండిది. ఈ రెండుమూడు రాత్రులూ సెల్లారులో కదలకుండా ఉండి ఈ ముసలామెని దాచిపెట్టింది. ఇవాళ దాన్ని తనే నడుపుకుంటూ తెచ్చి ఈ గుమ్మం ముందు ఆపింది!

"అమ్మా!" ఖాళీ ఇంట్లో కొడుకు గొంతు ఖంగుమంది. "మళ్ళీ అక్కడికెళ్ళావా? రేపు పొద్దున్న వాళ్ళు తాళాలు మార్చడానికొస్తున్నారు. గొడవలొద్దు. నువ్వు వచ్చేయ్!"

దుర్గాంబ పొయ్యి సన్నం చేసింది.

"రమ్మను. నాను లోపలే ఉంతాను. నన్ను ఎత్తుకెళ్ళి బయట పడీమను, అప్పుడు మార్సుకోమను. నువ్వూ రా నాయనా... నీకిష్టమని చేపలు ఎక్కువే ఏపినాను."

ఫోను పెట్టేసింది. గరిటె అందుకోబోతూ పాత తలుపు గడియ వంక ఒకసారి చూసింది. హరిచందన అది చూసింది.

"పద చందూ" అన్నాడు భానుమూర్తి మెల్లగా. "నిన్ను అనవసరంగా అన్నాను. నాదే తప్పు. ఇంటికెళదాం."

"నువ్వెళ్ళు. నేను రాను."

"అదేమిటే?"

"ఆమె ఒక్కతే ఉంది. ఇంత కష్టం నావల్ల వచ్చింది. నేనెక్కడున్నానో నీ ఫోను ఇకమీదట సరిగ్గా చెప్పినా చెప్పకపోయినా, నేను చెబుతున్నాను విను. ఇక్కడున్నాను."

చెప్పులు విడిచి, పొయ్యి పక్కన బాసింపట్టు వేసుక్కూచుంది.

తెల్లారి ఆ మనుషులు వచ్చిన మాట నిజమే. గుమ్మంలో ముసలామె, ఆమె పక్కన ఈ పిల్ల, సందులో జనం. బ్యాంకుకి సెలవు పెట్టి, భార్యని వెంటబెట్టుకుని భానుమూర్తి కూడా కుర్చీ వేసుక్కూచున్నాడు. వచ్చినవాళ్ళు కాసేపు తిట్టి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయారు. ఢిల్లీశ్వరరావు మధ్యాహ్నానికి వచ్చాడు. తల్లితో మాట్లాడలేదు గానీ కంచం ముందు కూర్చున్నాడు. ఇల్లు ఇంకా ఆవిడ పేరు మీదే ఉంది.

అదంతా తర్వాతి సంగతి. ఆ రాత్రి మటుకు భానుమూర్తి గడప అవతల చాలాసేపు నిలబడ్డాడు. కూతురు లేవదని తేలిపోయింది. చివరికి దీనంగా అడిగాడు.

"నిన్నిక్కడ వదిలేసి ఒక్కణ్ణీ వెళితే, మీ అమ్మకి ఏమని చెప్పనే?"

హరిచందన కంచంలోంచి తల ఎత్తలేదు.

"దెయ్యం పట్టిందని చెప్పు నాన్నా."