తేనె ఉండలు తినని తరళ

పూర్వం శైలగిరి రాజ్యానికి ఒక వింత ఆపద వచ్చిపడింది. ఒకనాడు తెల్లవారేసరికి కోటలోని పిల్లలెవరికీ నోట మాట లేదు. ఏడుద్దామన్నా గొంతు పెగలలేదు. కోటగోడ బయట గుడిసెల్లో ఉండే పరదేశుల పిల్లలు మాత్రం ఎప్పటిలాగే మాట్లాడుతున్నారు. తమ దేశం యుద్ధంలో కాలిపోగా పారిపోయి వచ్చినవాళ్లు వాళ్లు. ఇది వాళ్ల పనేనని జనం అనుమానించారు.

రాజు ఆ గుడిసెల నుంచి తరళ అనే పదిహేనేళ్ల పిల్లను పిలిపించాడు.

"మీ పిల్లలకు మాట ఎందుకు పోలేదు?"

"తిరునాళ్లలో ఒక ముసలివాడు తేనె ఉండలు ఊరికే పంచాడు ప్రభూ. ఊరికే పెట్టేవాళ్లంటే మాకు భయం. నేనే మావాళ్లను తిననివ్వలేదు. అతడు ఉత్తరపు అడవిలోకి పోవడం చూశాను."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మేవారా?"

రాజు ముఖం ముడుచుకున్నాడు. "ఆ దారి చూపించు. సింగన్న నీ వెంట వస్తాడు. నువ్వు తిరిగి రాకపోతే మీ గుడిసెలుండవు."

సింగన్న కోట కావలి భటుడు. మాట పోయినవాళ్లలో అతని కూతురూ ఉంది. అడవి మొదట్లోనే అతడు తరళ నడుముకు తాడు కట్టి, కొస తన చేతికి చుట్టుకున్నాడు.

"ఇదెందుకు?"

"పారిపోకుండా."

"మా అమ్మ గుడిసెలో ఉంది. నేనెక్కడికి పోతాను?"

సింగన్న తాడు ముడి బిగించి ముందుకు నడిచాడు.

అడవి నడుమ ఆశ్రమంలో ఒక ముని ఎదురై, అలిసిపోయారంటూ పళ్లు ఇచ్చాడు. సింగన్న పండు నోటి దగ్గరకు తీసుకెళ్లాడు. తరళ అతని చెయ్యి పట్టుకుని, "ముందు మీరొకటి తినండి స్వామీ," అంది. ముని కోపంతో పళ్లు నూరి, నక్కగా మారి పొదల్లోకి ఉరికాడు. సింగన్న చేతిలోని పండు చిట్లి తేళ్లు రాలిపడ్డాయి.

ఆ తరువాత ఒక నల్లటి ఏరు అడ్డొచ్చింది. పెద్ద తాబేలు ఒకటి తల పైకెత్తి, "నా వీపు ఎక్కండి. ఒడ్డు చేరేదాకా కళ్లు తెరిస్తే మునిగిపోతారు," అంది.

తరళ వెనక్కి జరిగింది. "ఇలాగే ఒకడిని నమ్మి పడవెక్కాం. మా తమ్ముడు ఒడ్డు చేరలేదు. మమ్మల్ని దాటిస్తే నీకేం వస్తుంది?"

"గుహలోని రక్కసుడు ఏటిని విషం చేశాడు. నా గుడ్లు పిల్లలు కావడం లేదు. వాడిని చంపితే అదే చాలు."

ఊరికే దాటిస్తాననకుండా తన అవసరం చెప్పింది కాబట్టి తరళకు కాస్త ధైర్యం వచ్చింది. అయినా ఏటి అంచున ఆగి నడుముకున్న తాడు చూసుకుంది. సింగన్న ఆమె ముఖం చూసి తాడు విప్పి ఏట్లో పారేశాడు. "నా చెయ్యి పట్టుకో పిల్లా," అన్నాడు. ఇద్దరూ కళ్లు మూసుకుని ఏరు దాటారు.

అవతలి ఒడ్డున గుహలో ఒక మట్టికుండ సన్నగా ఏడుస్తోంది. పిల్లల గొంతులన్నీ అందులోనే ఉన్నాయి. తరళ గోడ వారగా దాని వైపు జరుగుతుండగా రక్కసుడు సింగన్నకు అడ్డంగా నిలిచాడు.

"తిరునాళ్లలో ముసలివాడి వేషంలో ఉన్న నన్ను చూసి కూడా ఈ పిల్ల నోరు మూసుకుంది. దీన్ని నరుకు. నీ బిడ్డ గొంతు ఇప్పుడే ఇచ్చేస్తాను."

సింగన్న చెయ్యి కత్తి మీదికి పోవడం తరళ చూసింది. "ఊరుకున్న మాట నిజమే. నమ్మరని ఊరుకున్నాను. అది నా తప్పే," అంది.

సింగన్న కత్తి దూశాడు. "నా బిడ్డ గొంతు కోసం ఇంకొకరి బిడ్డ గొంతు కోయలేను," అంటూ దాన్ని రక్కసుడి పక్కనుంచి ఆమెకు విసిరాడు. తరళ ఒక్క వేటుకు కుండ పగలగొట్టింది. గొంతులన్నీ పిట్టల గుంపులా బయటికి ఎగిరాయి. వాటి హోరుకు రక్కసుడు బూడిదై రాలిపోయాడు.

వాళ్లు తిరిగి వచ్చేసరికి కోట పిల్లల కేకలతో దద్దరిల్లుతోంది. రాజు పరదేశులందరికీ కోట లోపల ఇళ్లు ఇచ్చి, కొత్తగా వచ్చేవారిని విచారించే అధికారం తరళకు అప్పగించాడు.

ఆ మధ్యాహ్నం సింగన్న తరళనూ వాళ్లమ్మనూ భోజనానికి పిలిచాడు. అతని కూతురు అన్నం వడ్డిస్తూ ఊపిరి తిప్పుకోకుండా కబుర్లు చెప్పింది. ఆ కబుర్లు వింటూ వింటూనే తరళ అరుగు మీద నిద్రపోయింది. సొంత ఊరు వదిలాక ఆమె అంత గాఢంగా నిద్రపోవడం అదే మొదటిసారి. లేపబోయిన కూతురిని సింగన్న సైగతో ఆపి, ఎండ పడకుండా వాకిట్లో దుప్పటి కట్టాడు.