రంగు తిరగని పాకం

ఆదివారం పొద్దున్నే పెద్దాయన వంటింట్లో దూరాడు. మనవరాలు కారమెల్ కేకు అడిగింది. జీవితమంతా బేకరీలో గడిపిన మనిషికి అదో పెద్ద పనా? గూట్లోని పంచదార డబ్బా తీసి, గిన్నెలో ఇంత ఒంపి, సన్నటి మంట మీద పెట్టాడు.

పంచదార కరిగి నీళ్లలా తేటగా నిలిచింది. ఇక తేనె రంగు తిరగాలి, కమ్మటి వాసన రావాలి. ఏదీ రాలేదు. మంట పెంచాడు. గిన్నె మార్చి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే తేట. డబ్బాలోంచి చిటికెడు నాలుక మీద వేసుకుంటే తియ్యగానే ఉంది, కానీ నోరంతా చల్లబడింది. పంచదార చల్లగా ఉండటమేమిటి? మొన్నటి నుంచి టీ కూడా ఏదోలా ఉంటోందని అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన పొయ్యి ఆపేశాడు. వాళ్ల అన్నయ్యకు మతిమరుపు ఇలాగే మొదలైంది. ముందు రుచులు తారుమారయ్యాయి, తర్వాత మనుషులు. చివరికి సొంత తమ్ముణ్ణే ఎవరు బాబూ నువ్వని అడిగాడు.

కొడుకు కాఫీ కోసం వచ్చేసరికి ఆయన గిన్నె ముందు కూలబడి ఉన్నాడు. రేపటి నుంచి బేకరీకి రానన్నాడు, తాళాలు తీసుకోమన్నాడు. కొడుకు తెల్లబోయాడు. ఈ మధ్య మీరు పరాగ్గా ఉంటున్నారు నాన్నా, డాక్టరుకు చూపిద్దాం అన్నాడు. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు పాపం. పెద్దాయనకు ఉన్న కాస్త ఆశా పోయింది.

పళ్ల డాక్టరైన కోడలు ఆ మాటలు విని గుమ్మంలోనే ఆగి గిన్నెలోకి చూసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"మావయ్యా, మీ బుర్రకేం కాలేదు. అది పంచదార కాదు, జైలిటాల్ అనే వేరే తీపి పొడి. నేనే మార్చాను."

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె తడబడుతూ చెప్పుకొచ్చింది. పంచదార తిని పళ్లను పుచ్చబెట్టే క్రిములకు ఇది ఒంటబట్టదట. తియ్యగా ఉంటుంది, నోరు చల్లబరుస్తుంది, పళ్లను మాత్రం తినెయ్యదు. ఎంత కాచినా రంగు తిరగదని ఆమెకూ తెలియదు. మిగిలిన నాలుగు పళ్లయినా దక్కుతాయని చేసింది. చెబితే ఒప్పుకోరని దాచింది.

పెద్దాయన గిన్నెలోని తేట పాకాన్ని సింకులో ఒంపేశాడు.

"నా పళ్ల మీద ఉన్న శ్రద్ధ నా మీద లేకపోయిందమ్మా. పిచ్చివాణ్ణయిపోయాననుకున్నాను."

కోడలు ఏడ్చేసింది. పప్పు డబ్బాల వెనక దాచిన అసలు పంచదార తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన గిన్నెలో ఒంపి మంట మీద పెట్టాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు. అంచున సన్నగా రంగు తిరిగింది, వాసన ఇల్లంతా పరుచుకుంది. పెద్దాయన కళ్లు తుడుచుకోలేదు. గిన్నె మీద నుంచి చూపు తిప్పితే పాకం మాడుతుందిగా.

కేకు ఓవెన్‌లోకి వెళ్లాక కోడలు చప్పటి టీ తెచ్చి, డబ్బాలు రెండూ పక్కన పెట్టి, తలొంచుకు నిలబడింది. ఆయన జైలిటాల్ డబ్బా మూత తీశాడు.

"పాకానికి నాది, టీలోకి నీది. ఇకమీదట ఏం చేసినా నాతో చెప్పి చెయ్యమ్మా."

చెంచాడు వేసి కలుపుకుని ఒక గుక్క తాగాడు. ఇప్పుడూ రుచి ఏదోలానే ఉంది. కానీ ఆయనకు భయం వెయ్యలేదు.