గీత పక్కన మూడు చుక్కలు

2010 ఫిబ్రవరి తొమ్మిది, మంగళవారం. మధ్యాహ్నం రెండు గంటల ముప్ఫై అయిదు నిమిషాలు.

కలకత్తా ఏక్‌బాల్‌పూర్ సందులో అప్పలకొండమ్మ తన డ్రైవాష్ షాపు తాళం తీసింది. భోజనానికి వెళ్ళి సరిగ్గా గంటయింది. తలుపు చెక్కుచెదరలేదు. గల్లాపెట్టె వేసినట్టే ఉంది. హ్యాంగర్లకు వేలాడుతున్న పట్టుచీరలు పదకొండూ ఉన్నాయి.

లేనివి రెండే. ఎవరి బట్టలు వచ్చాయో రాసుకునే గుర్తుల పుస్తకం. దాని పక్కన ఉండే నల్లసీసా.

మూడు రోజుల తరవాత, శుక్రవారం పొద్దున్నే ఆమె సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో యెషయా గుమ్మం ముందు నిలబడింది. యెషయా రైల్వే పోలీసులో ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు యార్డు దొంగల వెనక తిరిగాడు. ఇప్పుడు మిరప మొక్కలకు నీళ్ళు పోసుకుంటున్నాడు గానీ, తెలుగువాళ్ళింట్లో ఏది పోయినా కబురు ముందు ఆయనకే వస్తుంది.

అతని ఖాకీ కోటు ఇరవై ఏళ్ళు ఉతికింది ఆమె భర్త అప్పలసూరే.

"పోలీస్ స్టేషన్‌కి వెళ్ళలేదామ్మా?"

"ఎల్లినాను బాబూ. ఏటి పోయిందన్నారు. జీడి పోయిందన్నాను. సరే, జీడీ రాస్తామన్నారు. రాసింది పుస్తకం ఒక్కటే."

యెషయా ఆ జీడీ, అంటే జనరల్ డైరీ కాగితం తీసుకుని చూశాడు. నిజమే. పాత పుస్తకం ఒకటి, విలువ లేదు, అని ఉంది. సీసా మాటే లేదు. నల్లజీడి రసం పోయిందంటే స్టేషన్ వాళ్ళకు ఏం అర్థమవుతుంది? చాకళ్ళు బట్ట అంచున గుర్తు పెట్టేది ఆ రసంతోనే. పెట్రోలులో ముంచినా, సోడాలో ఉడకబెట్టినా పోదు. అప్పలసూరి ఇంటి గుర్తు నిలువు గీత ఒకటి, దాని పక్కన మూడు చుక్కలు.

"తాళంచెవులెన్ని?"

"మూడు. నా కాడొకటి. ఇస్త్రీ సేసే పోలిరాజు కాడొకటి. మా మరిది గవరయ్య కాడొకటి."

"ఆ పుస్తకం ఎవరికి కావాలి?"

అప్పలకొండమ్మ కొంగులోంచి మరో కాగితం తీసింది. అది సర్వీస్ టాక్స్ ఆఫీసు నోటీసు. గడచిన ఏడాది ఆమె షాపు పదమూడు లక్షల నలభై వేల పని చేసిందట. రిజిస్ట్రేషన్ లేదు, పన్ను లేదు. కాబట్టి పన్నూ వడ్డీ పెనాల్టీ కట్టాలి. కట్టాలంటే షాపు అమ్ముకోవాలి. అమ్మితే ఆమెకు మిగిలేది ఆ తాళంచెవి ఒక్కటే.

మూడు లక్షల పని కూడా లేని షాపు అది.

ఆ పన్నుకో గీత ఉంది. ఏడాదికి పది లక్షల లోపు పనిచేసే చిన్నవాడు పన్ను కట్టక్కర్లేదు. తొమ్మిది దాటితే పేరు నమోదు చేసుకోవాలి. బక్కవాడు బతకాలని గీసిన గీత. మంచిదే. కానీ గీత కనిపించాక మనవాళ్ళ బుర్ర ఊరుకుంటుందా? ఖిదిర్‌పూర్ రోడ్డు పొడుగునా ఫొటో స్టూడియోలు, పందిళ్ళవాళ్ళు, డ్రైక్లీనర్లు, తొమ్మిది దగ్గరికి వచ్చేసరికి కవల పిల్లల్ని కనేవారు. మొగుడి పేరున ఒక షాపు, పెళ్ళాం పేరున ఒక షాపు. బోర్డులు రెండు, పొయ్యి ఒకటి.

గవరయ్య అంతకంటే తెలివైనవాడు. పెళ్ళాం పేరు పెడితే రేపు తన మెడకే చుట్టుకుంటుందని వదిన పేరు పెట్టాడు.

మెయిన్ రోడ్డు మీది పెద్ద షాపు అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టుకున్నదే. నాలుగేళ్ళ కిందట అప్పలసూరి పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే గవరయ్య పెద్ద షాపు తనకుంచుకుని, సందులో గది వదిన మొహాన కొట్టాడు. ఆమె పేరు మీద బిల్లు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఓడల కంపెనీల గెస్ట్‌హౌస్‌ల కంబళ్ళ పనంతా పెద్ద షాపులో చేసి, బిల్లు మాత్రం వదిన పేరున రాశాడు. ఎందుకయ్యా అని ఆమె అడిగితే నవ్వాడు.

"పేరే కదా వదినా. వాడితే అరిగిపోద్దా?"

ఆ మాట చెబుతున్నప్పుడు అప్పలకొండమ్మ కళ్ళు మండాయి. యెషయా అలాంటి కళ్ళు యార్డులో చాలా చూశాడు. అవి ఏడ్చేవాళ్ళ కళ్ళు కావు.

"మొదటి విచారణ ఎప్పుడయింది?"

"ఈ నెల రెండో తారీఖు. నాకు బెంగాలీలో ఆపీసోళ్ళ మాట తెల్దు కదా. గవరయ్యే వొచ్చి సెప్పినాడు, అటూ ఇటూ."

అక్కడ ఆమె ఒక్కటే మాట అంది. ఆ కంబళ్ళు నా షాపు గడప తొక్కలేదు, నా చేతికొచ్చిన ప్రతి బట్ట మీదా నా గుర్తుంటుంది, గెస్ట్‌హౌస్ కంబళ్ళ మీద ఆ గుర్తుంటే షాపు అమ్మి కడతాను అంది. ఆఫీసరు ఘోషాల్‌బాబు సరేనన్నాడు. పదిహేనో తారీఖు, సోమవారం పదకొండు గంటలకు కంబళ్ళు ఆమె షాపుకే తెప్పించి చూస్తానన్నాడు.

ఆ మాటను బెంగాలీలోకి మార్చి చెప్పింది గవరయ్యే. వారం తిరిగేసరికి పుస్తకమూ సీసా మాయమయ్యాయి.

యెషయా పాత ట్రంకుపెట్టె తెరిచి ఖాకీ కోటు బయటికి తీశాడు.

శనివారం, పదకొండు ఇరవై. ఓడల కంపెనీ వాళ్ళ సాగర్ గెస్ట్‌హౌస్ స్టోరు గదిలో నలభై కంబళ్ళు కట్టలు కట్టి ఉన్నాయి. గురువారం ఉదయం పెద్ద షాపు వ్యాన్‌లో వచ్చాయని మేనేజరు చెప్పాడు. యెషయా ఒక కట్ట అంచు టార్చితో చూశాడు.

నిలువు గీత. పక్కన మూడు చుక్కలు.

కోటు కాలరు తిప్పి పక్కన పెట్టాడు. కాలరు లోపలి గుర్తు 1994 నాటిది. నలుపు కాస్త బూడిదబారి, అంచులు గీసినట్టు తిన్నగా ఉన్నాయి. కంబళి మీది గుర్తు నిగనిగలాడుతోంది. దాని చుట్టూ గోధుమరంగు మరక నూనెలా పాకింది.

వేలితో తడమబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అతనికి 1988 గుర్తొచ్చింది. సంత్రాగాఛి యార్డులో నల్లజీడి గింజల వ్యాగన్ ఒకటి పగిలి రసం కారింది. తెలియక బస్తాలెత్తిన కూలీలు ఏడుగురు. రెండో రోజుకి ఒక్కడి చేతులూ చేతుల్లా లేవు.

ఈ కట్టలు సోమవారం దాకా విప్పొద్దని, ఎవరూ ముట్టుకోవద్దని మేనేజరుకు గట్టిగా చెప్పి బయటపడ్డాడు.

ఒంటిగంట అయిదు నిమిషాలకు పోలిరాజును పట్టుకున్నాడు. ఇస్త్రీ పోలిరాజు కుడిచేతికి గుడ్డ కట్టుంది.

"విప్పు."

పోలిరాజు బెదిరిపోయి విప్పాడు. బొటనవేలి కింద ఒకే ఒక్క వాత, ఇస్త్రీ పెట్టె అంచంత తిన్నగా ఉంది.

"మీకు జీడి పొక్కదా?"

"సున్నం కలుపుతాం కదా బాబూ. కలిపితే సెయ్యి పొక్కదు, గుర్తు పాకదు. ఉత్త రసం ఎవుడు ముట్టుకుంటాడు?"

"పోయిన సీసాలోది ఎవరు కలిపారు?"

"గింజలు నానే తెచ్చినాను, నాలుగో తారీఖున. సున్నం తెత్తానంటే ఒద్దు, నాను కలుపుకుంటానంది మా అప్పలకొండమ్మ."

యెషయా ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. రాసి, కాసేపు పెన్ను మూతతో గడ్డం గోక్కున్నాడు.

నాలుగు గంటలకు పెద్ద షాపుకు వెళ్ళాడు. గవరయ్య అద్దాల గదిలో, మెడ నుంచి మోకాళ్ళ దాకా శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ఎండ బాగానే ఉంది. కలకత్తాలో ఫిబ్రవరిలో శాలువా కప్పుకున్నవాణ్ణి ఎవరూ వింతగా చూడరనుకోండి. యెషయా రెండు మట్టి కప్పుల్లో టీ తెప్పించి ఒకటి ముందుకు జరిపాడు.

గవరయ్య శనివారం ఒక్కపొద్దన్నాడు. టేబులు మీద సగం తిన్న సింగాడా, అదే బెంగాలీ సమోసా, ఉంది. అందులో చెంచా గుచ్చి ఉంది.

సింగాడాను చెంచాతో తినేవాణ్ణి యెషయా అరవై మూడేళ్ళలో చూడలేదు.

"మీరు స్వయంగా బట్ట ముట్టుకుని ఎన్నాళ్ళయింది?"

"పదేళ్ళు దాటిపోనాది. అంతా మిషన్లే, ట్యాగులే. ఆ మోటు పని మా యన్నతోనే పోనాది."

గర్వంగానే చెప్పాడు.

సోమవారం, పదకొండు. సందులో గది కిక్కిరిసింది. ఘోషాల్‌బాబు కుర్చీలో కూర్చున్నాడు. అతని ప్యూను గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పోలిరాజు ఇస్త్రీ బల్లకు ఆనుకున్నాడు. అప్పలకొండమ్మ గోడ దగ్గర, ఆమె ఎదురుగా శాలువాలో గవరయ్య. మధ్యలో నేల మీద కంబళ్ళ కట్ట ఒకటి.

ఆఫీసరు హ్యాంగరు మీది చీర అంచు చూశాడు. కంబళి అంచు చూశాడు. రెంటి మీదా ఒకే గుర్తు. పెదవి విరిచాడు. మా వదిన చదువుకోనిది, తెలియక అబద్ధమాడింది, వాయిదాల మీద కట్టనివ్వండి అని గవరయ్య బెంగాలీలో ఎంతో జాలిగా బతిమాలాడు. మేక చచ్చిందని తోడేలు ఏడ్చినట్టుంది.

యెషయా లేచాడు.

"గవరయ్యగారూ, ఈ కంబళి ఒక కొస పట్టుకోండి. ఆఫీసరుగారికి విప్పి చూపిద్దాం."

గవరయ్య కదల్లేదు. ఘోషాల్‌బాబు తల ఎత్తాడు. పట్టుకోమని ఆయనా అన్నాడు.

శాలువాలోంచి చేతులు బయటికొచ్చాయి. వేళ్ళ సందుల నిండా నీటిపొక్కులు. అరచేతులు ఉబ్బి, తోలు నల్లగా లేచింది. రుద్దుకున్నట్టున్నాడు, ఎడమ మణికట్టు దాకా పాకింది.

"ఏమైంది?"

"ఇస్త్రీ పెట్టె కాలింది."

"పోలిరాజూ, నీ చెయ్యి చూపించు."

పోలిరాజు చూపించాడు. ఒక్క వాత, తిన్నగా.

"ఇదీ ఇస్త్రీ వాత. మీ పెట్టె వేళ్ళ సందుల్లోకి ఎలా దూరింది? పదేళ్ళుగా బట్టే ముట్టనివారు ఇస్త్రీ ఎందుకు పట్టారు? ఎప్పుడు పట్టారు?"

గవరయ్య చేతులు మళ్ళీ శాలువాలోకి లాక్కున్నాడు.

"బుధవారం పట్టారు. ఇస్త్రీ పెట్టె కాదు, గుర్తు పెట్టే జీడిపుల్ల. మంగళవారం ఒకటిన్నరకీ రెండున్నరకీ మధ్య సీసా తీసుకెళ్ళారు. ఎవరి చేతనైనా పెట్టిస్తే సాక్షి పుడతాడని నలభై కంబళ్ళకూ మీరే గుర్తులు పెట్టారు. గురువారం పంపారు. అయిదు రోజులుగా రసం మీ చేతిలో ఉడుకుతోంది."

"అబద్ధం. మేం పుట్టుచాకలోళ్ళం. మాకు జీడి పొక్కదు."

"అవును, పొక్కదు. సున్నం కలుపుతారు కదా. మీ వదినా కలిపే ఉంటుంది. మరి మీకెందుకు పొక్కింది? నేనే పొరపాటు పడ్డానేమో."

యెషయా కూర్చోబోయాడు. అయిదు రోజుల మంట, నిద్రలేమి, అన్నీ కలిసి గవరయ్య గొంతులోకి వచ్చాయి.

"ఏటి సున్నం? ఆ సీసాలో సున్నమే ఉంటే నా సేతులు ఇలాగవుతాయా?"

గదిలో ఇస్త్రీ బొగ్గుల చిటపట వినిపించింది.

ఘోషాల్‌బాబు ఏమన్నాడని అడిగాడు. ఈసారి బెంగాలీలోకి మార్చింది యెషయా. ఒక్క అక్షరం తగ్గించలేదు.

పన్నెండు ఇరవైకి, ఘోషాల్‌బాబు పంపిన ప్యూనూ పోలిరాజూ పెద్ద షాపు నుంచి తిరిగి వచ్చారు. అద్దాల గది సొరుగులో గుర్తుల పుస్తకం ఉంది, మూత సరిగా పెట్టని సీసా ఉంది. పుస్తకంలో గెస్ట్‌హౌస్ పేరు ఒక్కటీ లేదు. అక్కడ కూర్చునే ఘోషాల్‌బాబు కాగితం రాశాడు. కంబళ్ళ పని గవరయ్యది. వదిన పేరున రాసిన బిల్లులన్నీ గవరయ్య లెక్కలో కలుస్తాయి. ఒక్క ఏడాది కాదు, మొదటి బిల్లు పుస్తకం నుంచీ. గీత కింద దాక్కున్న మనిషి గీతకు ఎంతో పైన తేలాడు.

అప్పలకొండమ్మ మీది నోటీసుకు ఆధారం లేదని చివర ఒక వాక్యం రాశాడు. యెషయా దాన్ని తెలుగులో రెండుసార్లు చదివి వినిపించాడు. ఆమె తల ఊపింది, అంతే.

గవరయ్య గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. తలుపు తియ్యడానికి చేతులు రాలేదు. వెనక్కి తిరిగాడు.

"ముప్పై ఏళ్ళు సున్నం కలిపినదానివి. ఆ ఒక్క సీసాకే ఎలాగ మరిసిపోయినావు వదినా?"

యెషయా నోట్‌బుక్ మూశాడు. శనివారం నుంచీ అతని జేబులో ఉన్న ప్రశ్న కూడా అదే. గుర్తుంటే షాపు అమ్ముతానని ఆఫీసరు ముందు, వినాల్సినవాడి చెవిన పడేలా అన్నది ఆమె. రెండు రోజులకే కొత్త గింజలు తెప్పించింది ఆమె. సున్నం వద్దన్నదీ ఆమే. పగ తీర్చుకోవడం మనిషి పని కాదని ప్రతి ఆదివారం చర్చిలో వింటూనే ఉన్నాడు. ఈ పూట మాత్రం ఆ మాట నోటికి రాలేదు.

"మరవలేదు," అంది అప్పలకొండమ్మ. "మీ యన్నయితే సీసా ఎత్తి సూడగానే రసం పచ్చిదని సెప్పేవోడు. నువ్వూ సెబుతావేమో అనుకున్నాను. పని మరిసిపోయినావు."

గవరయ్య తన చేతుల వంక చూసుకున్నాడు.

"తోలే కదా గవరయ్యా," అందామె. "మళ్ళీ వస్తాది."

పోలిరాజు వచ్చి తలుపు తీశాడు. గవరయ్య మోచేతులు దూరంగా పెట్టుకుని మెట్లు దిగాడు.

అప్పలకొండమ్మ పై అరలోంచి సున్నం డబ్బా దించి, గోరంత సున్నం తీసి చిన్న గిన్నెలో వేసుకుంది. యెషయా చేతిలోంచి ఖాకీ కోటు అడిగి తీసుకుంది. కాలరు గుర్తు కాస్త వెలిసింది బాబూ, మళ్ళీ పెట్టి ఇస్తానంది.