వల్లూరు బిల్డ్

నాగలమడిక వెళ్లే బస్సులోనే ఏజెంట్ గిరీశ్‌ను చంపేశారు. సైలెన్సర్ పిస్టల్, ఒకే తూటా. అతని బూటు మడమలోని పెన్‌డ్రైవ్ మాత్రం హంతకుడి కంటపడలేదు.

పదేళ్ల స్నేహితుడి బూటు విప్పి ఏజెంట్ యోగీశ్ దాన్ని తీసుకున్నాడు. ఏడుపొస్తే బాగుండుననిపించింది, అంతే.

చీఫ్ ఫోన్‌లో బ్రీఫింగ్ ముగించాడు.

“వల్లూరు సోలార్ పార్క్ సర్వర్లలో, ఎంత కరెంటు వస్తుందో లెక్కగట్టే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌ను విదేశీ ముఠా పాడుచేసింది. మధ్యాహ్నం పన్నెండుకు అది గ్రిడ్‌కు తప్పుడు లెక్క ఇస్తుంది. ఆరు జిల్లాలకు కరెంటు పోతుంది, ఆసుపత్రులతో సహా.”

“కొత్త కాపీ పెడితే?”

“తయారుగా ఉన్న ఏ కాపీనీ నమ్మకు. గిరీశ్ తెచ్చింది అసలు సోర్స్ కోడ్. అక్కడే కంపైల్ చేసి కొత్త బిల్డ్ తయారుచెయ్యి. లోపల మన మనిషి నయన ఉంది.”

పదకొండింటికి, ప్యానెళ్లు కడిగేవాళ్ల నీలం యూనిఫారంలో యోగీశ్ వల్లూరు సర్వర్ రూమ్ చేరాడు. నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో సూపర్‌వైజర్ నయన ఎదురొచ్చింది.

“ఈ ఏడు శెనక్కాయ వేశారా?” అని యోగీశ్ అడిగాడు.

“లేదు, అద్దాలు వేశారు.”

సంకేతం సరిపోయింది.

“అరవైనాలుగు ప్రాసెసర్ కోర్ల మీద ఒకేసారి నడిపితే ఈ సర్వర్ పడిపోతుంది. ఒక్క కోర్ మీదే కంపైల్ చెయ్యి. నేను బయట చూస్తుంటాను,” అని ఆమె వెళ్లింది.

పదకొండు నలభై. కంపైల్ ముప్పై శాతమే. ఈ లెక్కన పన్నెండుకు పూర్తికాదు.

బకెట్ కోసం ఒక ముసలామె గొణుక్కుంటూ లోపలికొచ్చింది. పేరు కెంచమ్మ.

“కొత్తోడివా అప్పా? ఆ నయనమ్మ మమ్మల్నందర్నీ ఇప్పుడు ప్యానెళ్లు కడగను పొమ్మనింది. కాలే గాజు మీద నీళ్లు పోస్తే పగిలిపోదా? పొద్దు పుట్టకముందే కడగాలని ఈడ ఎవురికి తెలీదు? ఆర్నెల్లయినా ఏసీ రూము దాటితే గదా!”

ఆరు నెలలుగా రోజూ ప్యానెళ్లు దగ్గరుండి కడిగిస్తున్నానని నయన చీఫ్‌కు రిపోర్టులు పంపింది. ఈ బ్లాకులో మనిషి లేకుండా ఇప్పుడెందుకు చేస్తోంది? చీఫ్, తను కాక గిరీశ్ ఎక్కిన బస్సు సంగతి తెలిసిన మూడో మనిషి కూడా ఆమే.

యోగీశ్ బిల్డ్ ఆపి, అరవైనాలుగు కోర్ల మీద మళ్లీ నడిపాడు. సర్వర్ పడిపోలేదు. ఫ్యాన్లు హోరెత్తాయి. కెంచమ్మ ర్యాకుల వెనక బకెట్ వెతుక్కుంటూనే ఉంది.

ఆ హోరు విని నయన వచ్చింది. చేతిలో పిస్టల్.

“కీబోర్డు వదులు.”

అతను చేతులెత్తాడు. భయం వేయలేదు. బిల్డ్ పూర్తికాగానే ఇన్‌స్టాల్ అయ్యేలా ముందే రాసిపెట్టాడు. తొంభై ఏడు శాతం.

“గిరీశ్‌ను నువ్వే పట్టించావా?”

“బస్సు నంబరు చెప్పాను, అంతే.”

ఆమె మెయిన్ స్విచ్ వైపు చెయ్యి చాపింది. ర్యాకుల వెనక నుంచి కెంచమ్మ వైపర్ కర్ర పిస్టల్ పట్టిన మణికట్టు మీద పడింది. పిస్టల్ నేల మీద జారింది. యోగీశ్ అందుకున్నాడు.

పదకొండు యాభైతొమ్మిది. తెర మీద ఒకే మాట: సక్సెస్.

పన్నెండు దాటింది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. గెలిచిన సంతోషం కోసం యోగీశ్ తనలో వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు.

కెంచమ్మ అతని యూనిఫారం ఎగాదిగా చూసింది.

“బట్టలైతే ఏసుకున్నావు, ఒక్క అద్దమన్నా కడిగినావా? రేపు అయిదింటికే రాప్పా.”