అమ్మ పాటలో ఆరో స్వరం

“అమ్మా, ఆగు! నువ్వు తప్పు పాడుతున్నావు!”

దెబోరా ఆ మాట గట్టిగానే అంది. గిటార్ తీగల మీద అరచెయ్యి అడ్డం పెట్టి మరీ అంది. చర్చి బేస్‌మెంట్‌లో మడత కుర్చీల్లో కూర్చున్న ఇరవై మందీ తలలెత్తి చూశారు.

వాళ్లమ్మ వసంతకుమారి పాట మధ్యలో ఆగిపోయింది. “ఏంటి తల్లీ?” అంది.

“ఆ నోట్ తప్పమ్మా. నేను డి మైనర్ వాయిస్తుంటే నువ్వు పైకి వెళ్లిపోతున్నావ్. అస్సలు మ్యాచ్ అవ్వట్లేదు. మా క్లాస్‌లో మైనర్ స్కేల్ నేర్పారు. అందులో ఆ నోట్ లేనే లేదు.”

వెనక వరసలో ఎవరో పిల్లాడు కిసుక్కున నవ్వాడు.

“అలాగా,” అంది అమ్మ. మళ్లీ ఎత్తుకుంది. ఆ స్వరం దగ్గరికి రాగానే గిటార్‌కి తగ్గట్టు గొంతు దించాలని చూసింది. మెట్టు ఉందనుకుని అడుగేసిన మనిషిలా గొంతు తూలిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది, కుదరలేదు. పైట చెంగు సర్దుకుని వెళ్లి కుర్చీలో కూర్చుంది.

చర్చి పెద్ద సత్యానందం అంకుల్ లేచి నిలబడి, “ప్రార్థన చేసుకుందాం,” అన్నాడు.

అది 1982. ఊరు ట్రాయ్, డెట్రాయిట్‌కి పక్కనే. పొద్దున అమెరికన్ల ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం రెండింటికి ఆ చర్చి బేస్‌మెంట్‌ని తెలుగువాళ్లకి ఇచ్చేవారు. రెండేళ్ల కిందట పదకొండు కుటుంబాలు వచ్చేవి. కార్లు కొనేవాళ్లు తగ్గిపోయారు. కార్ల కంపెనీల్లో ఇంజనీర్లని తీసేయడం మొదలైంది. ఒక్కొక్కరే సామాన్లు సర్దుకుని టెక్సస్‌కో కాలిఫోర్నియాకో వెళ్లిపోయారు. ఇప్పుడు అయిదు కుటుంబాలే మిగిలాయి.

దెబోరా వాళ్ల నాన్న దేవకుమార్ ఉద్యోగం జనవరిలో పోయింది. అప్పటినుంచి ఆయన పొద్దున్నే షేవ్ చేసుకుని, ఆఫీసు చొక్కా వేసుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర పేపర్ ముందేసుకుని కూర్చుంటాడు. సాయంత్రానికి ఆ పేపర్ నిండా పెన్నుతో కొట్టేసిన గీతలే ఉంటాయి.

అమ్మకి డ్రైవింగ్ రాదు. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఫోన్ మోగితే భయం. వారంలో ఆరు రోజులు ఆమెని పలకరించేవాళ్లే ఉండరు. ఆదివారం సంగతి వేరు. ఆదివారం వసంతకుమారి ఎత్తుకుంటేనే పాట, లేకపోతే లేదు.

ఆమె పాడే పాటల్లో ఒకటి ఏ పుస్తకంలోనూ లేదు. నరసాపురం దగ్గర ఒక చిన్న చర్చిలో పాటలు నేర్పే వాళ్ల నాన్న, అంటే దెబోరా తాతయ్య, సొంతంగా కట్టిన పాట అది. “తెల్లవారకముందే నీ తలుపు తట్టితిని తండ్రీ” అని మొదలవుతుంది. తాతయ్య ఇప్పుడు లేడు. ఆ పాట తెలిసిన మనిషి అమెరికా మొత్తంలో అమ్మ ఒక్కతే. దెబోరా ఆపింది ఆ పాటనే.

ఇక దెబోరా. పదకొండేళ్లు. గిటార్ పట్టి మూడు నెలలైంది. స్కూల్ అయ్యాక మిస్టర్ నోవాక్ అనే మ్యూజిక్ టీచర్ దగ్గర నేర్చుకుంటోంది. వచ్చినవి అయిదు కార్డ్‌లు, అంటే ఒకేసారి మీటే స్వరాల గుత్తులు, రెండు స్కేల్స్, అంటే మెట్లు మెట్లుగా సాగే స్వరాల వరసలు: ఒక మేజర్, ఒక మైనర్. అంతే. కానీ మూడు నెలల చదువుకి ముప్పై ఏళ్ల గర్వం వచ్చేసింది.

ఆ రోజు కార్‌లో ఇంటికి వెళ్తున్నప్పుడు కూడా దెబోరాకి ఏమీ తప్పు చేశాననిపించలేదు. నిజమే కదా చెప్పాను అనుకుంది.

మర్నాడు సాయంత్రం స్కూల్ నుంచి వచ్చేసరికి ఇల్లు ఎందుకో కొత్తగా ఉంది. ఏంటా అని కాసేపు ఆలోచించింది. అమ్మ వంట చేస్తోంది, కానీ పాడటం లేదు. స్టవ్ మీది ఫ్యాన్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. మంగళవారం కూడా అంతే. బుధవారం కూడా అంతే.

ఆదివారం చర్చిలో అమ్మ, “గొంతు బాగాలేదు అన్నయ్యా,” అని సత్యానందం అంకుల్‌కి చెప్పింది. పై ఆదివారం కూడా అదే మాట. మూడో ఆదివారం ఆయన ఏమీ అడగలేదు. ఒక టేప్ రికార్డర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. క్యాసెట్‌లో ఎవరో పాడుతుంటే అందరూ పెదాలు కదిపారు. అమ్మ చివరి కుర్చీలో ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. దెబోరా పెదాలు కదపడం మానేసి ఆమెనే చూసింది.

ఆ సాయంత్రం వంటింట్లోకి వెళ్లింది. అమ్మ చపాతీ పిండి కలుపుతోంది.

“అమ్మా, సారీ.”

“దేనికి?”

“ఆ రోజు... సాంగ్ ఆపేశాను కదా.”

“నువ్వన్నది నిజమే కదమ్మా,” అంది అమ్మ. కోపంగా అనలేదు. దానికే దెబోరాకి భయం వేసింది. “నువ్వు చదువుకుంటున్నావ్. నాకేం తెలుసు? మా నాన్న ఎలా పాడమంటే అలా పాడాను. ఆయన మాత్రం ఎక్కడ నేర్చుకున్నాడు పాపం. ఇన్నాళ్లూ తప్పే పాడించాడన్నమాట.”

పిండి మీద తడిగుడ్డ కప్పి, సింక్ వైపు తిరిగిపోయింది.

దెబోరా తన గదిలోకి పోయి మంచం మీద కూర్చుంది. తను ఆపింది ఒక పాటనే అనుకుంది ఇన్నాళ్లూ. అమ్మకి తాతయ్య మీద ఉన్న నమ్మకాన్ని కూడా పాడుచేసింది. దాన్ని ఎలా బాగుచెయ్యాలో ఆమెకి ఏమాత్రం తెలియలేదు. ఏడుపు కూడా రాలేదు.

మంగళవారం గిటార్ క్లాస్ ఉంది. మిస్టర్ నోవాక్ ఏదో పాఠం తీయబోతుంటే దెబోరా అడ్డుపడింది.

“నాకు ఒక పాట వాయించాలని ఉంది. కానీ అందులో ఒక తప్పు నోట్ ఉంది.”

“ముందు పాడు,” అన్నాడాయన.

ఆమె అమ్మ పాటని మాటల్లేకుండా కూనిరాగం తీసింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. “ఇంకోసారి,” అన్నాడు. రెండోసారి విన్నాక తన గిటార్ ఆమె చేతికిచ్చాడు.

“ఆ తప్పు నోట్ ఎక్కడుందో వెతుకు. సన్న తీగ మీద చూడు.”

దెబోరా సన్న తీగని ఊరికే మీటింది. పాటలో తప్పు స్వరానికి ముందుండేది సరిగ్గా అదే. ఆ పైది కావాలి. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే మెట్లలో మొదటిదాని మీద, అంటే మొదటి ఫ్రెట్ మీద వేలు పెట్టింది. ఆమెకి వచ్చిన మైనర్ స్కేల్‌లో ఉండేది అదే. కానీ అది అమ్మ గొంతు కాదు. వేలు ఒక్క ఫ్రెట్ పైకి, రెండోదాని మీదికి జరిపింది. అచ్చంగా అమ్మ.

“ఇప్పుడు ‘ఎ’ స్వరం నుంచి పై ‘ఎ’ దాకా వరసగా వాయించు. ఆ ఒక్కటీ నువ్వు దొరకబుచ్చుకున్నట్టే ఉంచు.”

వాయించింది. ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ షార్ప్, జి, ఎ. మైనర్ స్కేల్‌లో ఉండే దిగులు అలాగే ఉంది. కానీ ఆరో స్వరం దగ్గర, ఏడుస్తున్న మనిషి ఒక్కసారి తల ఎత్తి చూసినట్టుంది.

“ఇలాంటి స్వరాల వరసని మోడ్ అంటాం,” అన్నాడు మిస్టర్ నోవాక్. “దీని పేరు డోరియన్. మైనర్ స్కేల్ తీసుకో, ఆరో స్వరాన్ని ఒక్క ఫ్రెట్ పైకి జరుపు. మిగతా ఆరూ ఎక్కడివక్కడే. అంతే.”

“అయితే తప్పు కాదా?”

“వందల ఏళ్లనుంచి పాడుతున్నారు.”

“మరి మీరు చెప్పలేదే!”

“నువ్వు వచ్చి మూడు నెలలేగా అయింది? నేను నేర్పనివన్నీ తప్పులని నీకెవరు చెప్పారు?” అని నవ్వాడు. అంతలో ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. “ఈ పాట తప్పని ఎవరన్నారు?”

“నేనే,” అంది దెబోరా. “మా అమ్మతో. అందరి ముందు.”

ఆయన ఆమె వేళ్లని డి మైనర్ కార్డ్ మీద పెట్టించాడు. “గొడవంతా ఇక్కడే. ఈ కార్డ్‌లో మామూలు ఎఫ్ ఉంది. మీ అమ్మ దానికి ఒక్క ఫ్రెట్ పైనున్న ఎఫ్ షార్ప్ పాడుతోంది. దీని బదులు డి మేజర్ పెట్టు. ఎ మైనర్, డి మేజర్. మళ్లీ ఎ మైనర్, డి మేజర్. ఈ రెండూ తిరుగుతుంటే ఆ స్వరానికి చోటు దొరుకుతుంది.”

కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలైతే ఈ స్వరాలు వినగానే ఖరహరప్రియ అనేస్తారు. దెబోరాకి ఆ పేరు తెలియదు, ఆమె టీచర్‌కీ తెలియదు. ఆ మాటకొస్తే అమ్మకీ తెలియదు. ఆమెకి తెలిసింది వాళ్ల నాన్న పాట, అంతే.

ఆ రోజు దెబోరా ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చింది. “అమ్మా! నువ్వే రైట్! దాని పేరు డోరియన్! మా సార్ చెప్పారు. నా కార్డే రాంగ్!”

అమ్మ బట్టలు మడతపెడుతోంది. ఆమె మొహంలో ఏ మార్పూ రాలేదు.

“పోనీలే తల్లీ. నేను బాధపడుతున్నానని అలా చెప్తున్నావ్.”

“కాదమ్మా, ప్రామిస్! విను కావాలంటే.” గిటార్ తీసి వాయించింది. అమ్మ విన్నది. బాగుందంది. మడతపెట్టిన బట్టలు తీసుకుని మేడ మీదికి వెళ్లిపోయింది.

దెబోరా గిటార్ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నిజం తెలిసింది, సారీ చెప్పింది, వాయించి చూపించింది. అయినా ఏమీ మారలేదు. ఇంకేం మిగిలింది చెయ్యడానికి?

డైనింగ్ టేబుల్ దగ్గర్నుంచి నాన్న గొంతు వినిపించింది. ఆయన ఈ మధ్య రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప.

“అన్నది అందరి ముందు కదమ్మా,” అన్నాడు పేపర్ మీంచి తలెత్తకుండా. “ఇంట్లో చెప్తే సరిపోద్దా?” పేపర్ తిప్పుతూ, “వచ్చే ఆదివారమే ఆఖరు. సత్యానందం గారికి టెక్సస్‌లో, ప్లేనోలో ఉద్యోగం వచ్చింది. ఆయన వెళ్లిపోతే ఇంక ఇక్కడ మీటింగ్ ఉండదు,” అన్నాడు.

ఆదివారం బేస్‌మెంట్‌లో పదకొండు మంది ఉన్నారు. ఖాళీ కుర్చీలు కొన్ని అప్పుడే మడతపెట్టి గోడకి ఆనించేశారు. సత్యానందం అంకుల్ టేప్ రికార్డర్ బటన్ నొక్కబోయాడు.

“అంకుల్, ప్లీజ్, వద్దు,” అంది దెబోరా. గిటార్ పట్టుకుని ముందుకొచ్చింది. మాటలు ఇంగ్లీషులోనే వస్తున్నాయి నోటికి. వాటిని మింగేసి తెలుగు వెతుక్కుంది.

“ఆ రోజు... నేను అమ్మని ఆపాను. అమ్మ తప్పు పాడలేదు. నాకు తెలీలేదు. తెలీకుండా తప్పు అన్నాను. తాతయ్య పాట కరెక్టే.”

ఎవరూ నవ్వలేదు. అమ్మ తల వంచుకునే ఉంది.

దెబోరా డి మైనర్ పట్టి, అమ్మ స్వరాన్ని పాడి వినిపించింది. రెండూ కొట్టుకున్నాయి. “ఇది నా మిస్టేక్,” అంది. తర్వాత డి మేజర్ పట్టి, అదే స్వరం పాడింది. సత్యానందం అంకుల్ మెల్లగా తల ఊపాడు.

ఇక పాట మొదలుపెట్టింది. ఎ మైనర్, డి మేజర్. మొదటి లైను ఆమె యాసలో వంకరగా వచ్చింది. రెండో లైను ఆమెకి రాదు. ఎప్పుడూ నేర్చుకోలేదు. అక్కడ ఆగిపోయింది.

“అమ్మా, నాకు ఇంతే వచ్చు,” అంది. “నువ్వు పాడితే నేను వెనకాల వాయిస్తా.”

అమ్మ కదల్లేదు.

దెబోరా వాయిస్తూనే ఉంది. ఎ మైనర్, డి మేజర్. పది సార్లు తిప్పింది, పదిహేను సార్లు తిప్పింది. వేళ్ల కొసలు మండుతున్నాయి. అమ్మ పాడదు, ఇంక ఎప్పటికీ పాడదు అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగి తీగలు మసకబారాయి. అయినా చెయ్యి ఆపలేదు.

అప్పుడు రెండో లైను వినిపించింది. అమ్మ కుర్చీలోంచి లేవలేదు. గొంతు బొంగురుగా, సన్నగా, నెలరోజుల మౌనం పట్టేసినట్టు ఉంది. ఆరో స్వరం దగ్గరికి వస్తూ భయపడింది. దెబోరా తన వేళ్ల వైపు చూడటం మానేసి అమ్మ నోటి వైపు చూసింది. అమ్మ ఎంత నెమ్మదిగా వెళ్తే గిటార్ కూడా అంత నెమ్మదించింది. అమ్మ ఆ స్వరాన్ని అందుకుంది.

మూడో లైనులో మళ్లీ వచ్చే “తండ్రీ” అన్న మాట దగ్గర అమ్మ గొంతు పూడుకుపోయింది. పాట తెగిపోయింది. నాన్న ముందుకు వంగి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

దెబోరా తీగలు మీటడం ఆపి, కార్డ్ మీద వేళ్లు అలాగే ఉంచింది. ఎంతసేపైనా సరే అనుకుంది. అమ్మ కళ్లు తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తుకునేదాకా ఎదురుచూసింది. ఆ తర్వాతే వాయించింది.